ఐదు గొంతులు, ఒక బీరు గ్లాసు

హత్య జరిగి పదహారేళ్లయింది. కేసు తేలింది, శిక్ష పడింది, శిక్ష పడిన మనిషి ఏడాదికే జైల్లో కన్నుమూసింది. దర్యాప్తు చేసిన పోలీసు అధికారి రిటైరై ఇంటిపట్టున ఉన్నాడు. ఇప్పుడు శవం లేదు, విషం కలిసిన గ్లాసు లేదు, వేలిముద్ర లేదు. అలాంటప్పుడు ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి ఒకతె ప్రైవేటు డిటెక్టివ్ తలుపు తట్టింది. నాన్నను చంపిందని అమ్మకు శిక్ష వేశారు, కానీ తాను నిర్దోషినని అమ్మ నాకు ఉత్తరం రాసిపెట్టి పోయింది, అది నిజమో కాదో తేల్చమంది.

అగాథా క్రిస్టీ 'ఫైవ్ లిటిల్ పిగ్స్' నవల ఇక్కడ మొదలవుతుంది. 1942లో అమెరికాలో 'మర్డర్ ఇన్ రెట్రోస్పెక్ట్' పేరుతో, 1943 జనవరిలో ఇంగ్లండులో అసలు పేరుతో అచ్చయింది. మూలనపడ్డ ఫైలు దుమ్ము దులిపే కథలు ఇవాళ ఓటీటీల నిండా ఉన్నాయి. పాత ఎముకలకు డీఎన్ఏ పరీక్ష జరుగుతుంది, పాత ఫోన్ రికార్డు బయటపడుతుంది, నిజం తేలిపోతుంది. ఎనభై ఏళ్ల కిందటి ఈ నవలలో అలాంటి కొత్త సాక్ష్యం ఒక్కటీ దొరకదు. డిటెక్టివ్ చేతికి వచ్చేవి మాటలే. ఆ మాటలతోనే క్రిస్టీ ఎంత బిగువుగా కథ కట్టిందో చూపించాలనే ఈ వ్యాసం.

మన డిటెక్టివ్ నవల వేరే దారిలో పెరిగింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అసిస్టెంట్ రాజు రెండు తరాల పాఠకులను రాత్రుళ్లు మేలుకోబెట్టారు. మధుబాబు షాడో పరుగు నేర్పాడు. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్' ప్రైవేటు డిటెక్టివ్‌ను నవ్వుల్లో ముంచింది, 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో సినిమా తీశారు. 2019లో నెల్లూరు వీధుల్లో తిరిగిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' కూడా ఆ వంశపువాడే. వీటన్నిటిలో కథ ముందుకు ఉరుకుతుంది. కూర్చుని ఐదుగురి మాటలు విని, విన్నదాన్ని మళ్లీ తిరగేసుకునే ఓపిక క్రిస్టీ ఈ నవలది. కథలో పరుగు ఒక్కటీ లేదు. అయినా పుస్తకం కింద పెట్టలేం.

కథ నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. అమ్యాస్ క్రేల్ పేరున్న చిత్రకారుడు. ఆడవాళ్ల విషయంలో చపలుడు. ఎల్సా గ్రీర్ అనే ఇరవయ్యేళ్ల అమ్మాయిని ఇంటికే తెచ్చి, తోటలో కోటగోడ లాంటి చోట కూర్చోబెట్టి బొమ్మ వేస్తున్నాడు. అతను తనను పెళ్లి చేసుకుంటాడని ఆ అమ్మాయి భార్య కరోలిన్ ముందే ప్రకటిస్తుంది. పక్క ఎస్టేటు యజమాని మెరెడిత్ బ్లేక్‌కు మూలికలతో కషాయాలు తీయడం సరదా. ముందురోజు అతిథులకు తన ప్రయోగశాల చూపిస్తూ కోనీన్ అనే విషం గురించి ఉపన్యాసమిచ్చాడు. సోక్రటీసు తాగింది దాని సంబంధమే. తెల్లారేసరికి ఆ సీసాలో మందు తగ్గింది. ఆ రోజు కరోలిన్ భర్తకు చల్లని బీరు తెచ్చి, తానే గ్లాసులో పోసి ఇచ్చింది. అతను తాగాడు, బొమ్మ వేస్తున్న చోటే చచ్చిపోయాడు. విషం తీసింది తానేనని, అయితే తాను చావడానికే తీశానని కరోలిన్ ఒప్పుకుంది. ఎవరు నమ్ముతారు?

కూతురు కార్లా ఇప్పుడెందుకు వచ్చిందో క్రిస్టీ ఒక్క పేరాలో చెప్పి వదిలేస్తుంది గానీ, మన పాఠకుడికి అది ఠక్కున తగులుతుంది. ఆమెకు పెళ్లి కుదిరింది. రేపు మొగుడూ పెళ్లాల మధ్య మాటామాటా వస్తే అతని చూపులో ఆ అనుమానం మెదులుతుందేమోనని భయం. మన దగ్గర ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలకు సంబంధాల ఎంక్వైరీలే పెద్ద బేరం. పిల్లవాడి ఉద్యోగం, తాగుడు, అప్పులు, ఆ ఇంట్లో పాత గొడవలు కనుక్కోవడం వాళ్ల పని. అటువంటి ఏజెన్సీలను నియంత్రించాలని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మన డిటెక్టివ్‌కు ఇవాళ్టికీ ఒకరిని పిలిపించి అడిగే హక్కు లేదు. బతిమాలాలి, పొగడాలి, అవసరమైతే అబద్ధమాడాలి. కార్లా వెళ్లిన డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో చేసేదీ అదే.

ఆ బతిమాలడంలోనే మొదటి పనితనం కనిపిస్తుంది. పాత నేరాల మీద పుస్తకం వస్తోందని ఒకరికి చెబుతాడు, గొప్పింటివాళ్ల పరిచయపత్రం ఇంకొకరి ముందు పెడతాడు. సిసిలియా విలియమ్స్ అనే ముసలి గవర్నెస్ ముందు మాత్రం ఈ వేషాలు నడవవు. ఆమె చూపు కింద పాయిరో పలక పట్టుకున్న పిల్లవాడైపోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. హాస్యానికి పెట్టిన సన్నివేశమే అనిపిస్తుంది. నవల ముగిశాక తెలుస్తుంది, ఎవరి దగ్గర ఏ మాట పారిందన్నదాన్ని బట్టి ఆ మనిషి ఎలాంటిదో క్రిస్టీ మనకు ముందే చెప్పేసిందని.

మొదటి భాగంలో పాయిరో ముందుగా కోర్టు మనుషులను కలుస్తాడు. వాదించిన లాయరు, ఎదురు వాదించిన లాయరు, గుమస్తా, కుటుంబం పాత సొలిసిటరు, రిటైరైన సూపరింటెండెంట్ హేల్. వీళ్లందరూ ఒకే సంగతి చెబుతారు: కరోలిన్ బోనులో పోరాడలేదు, ముందే ఓడిపోయినట్టు నిలబడింది. కోర్టు దాన్ని నేరం ఒప్పుకోలుగా చదివింది. అదే మనిషి కూతురికి మాత్రం నేను నిర్దోషినని రాసింది. కోర్టులో పోరాడదు, బిడ్డకు అబద్ధం చెప్పదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయన్నదే నవలంతా. చంపిందెవరన్న ప్రశ్న దానికి తోకలా వస్తుంది. మంచి ప్రశ్న దొరికితే సగం నవల రాసినట్టేనని ఈ తొలి అధ్యాయాలు చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది.

ఆ తర్వాతి ఎత్తు నవలకు వెన్నెముక. ఆనాడు ఆ ఇంట్లో ఉన్న ఐదుగురినీ పాయిరో కలిసి, జరిగింది మీ చేత్తో రాసి పంపమంటాడు. రెండో భాగమంతా ఆ ఐదు రాతలే.

పోలీస్ స్టేషన్ సంగతి కొద్దిగానైనా ఎరిగినవాళ్లకు ఇందులోని తెలివి త్వరగా పట్టుబడుతుంది. జనగామ కానీ, మానుకోట కానీ, భూపాలపల్లి కానీ, మన స్టేషన్లలో సాక్షి చెబుతాడు, రాసేది మాత్రం ఇంకొకరు. నిన్నమొన్నటి దాకా సీఆర్పీసీ 161 స్టేట్‌మెంటు అనేవాళ్లం, 2024 జులై నుంచి అది బీఎన్ఎస్ఎస్ 180 అయింది. పోలీసు రాసుకున్న ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం కూడా తీసుకోకూడదు. "ఆడు గిట్లొచ్చి గట్ల పోయిండు సారూ" అని సాక్షి అంటే, కాగితం మీద "సదరు వ్యక్తి అటువైపుగా వెళ్లుచుండగా నేను చూచితిని" అని పడుతుంది. సంగతి ఎక్కడికీ పోదు, గొంతు పోతుంది. చెప్పేటప్పుడు మనిషి ఎక్కడ తడబడ్డాడు, ఎవరి పేరు రాగానే స్వరం మారింది, అడగనిదేం చెప్పాడు, అడిగినా ఏం దాటేశాడు, ఇవన్నీ ఆ కాగితంలో చెరిగిపోతాయి. పాయిరో ఆ పాత కాగితాలన్నీ చదివాడు. వాటిలో తప్పు లేదు, గొంతు లేదు. అందుకే సొంత చేత్తో రాయమన్నాడు.

రాయించి, ఆ ఐదు గొంతులనూ క్రిస్టీ విడివిడిగా నిలబెట్టింది. షేర్ మార్కెట్‌లో ఆరితేరిన ఫిలిప్ బ్లేక్ రాతలో వాక్యాలు సూటిగా ఉంటాయి, తీర్పు ముందే ఉంటుంది. కరోలిన్ పేరు వచ్చిన ప్రతిచోటా కసి. పదహారేళ్లయినా చల్లారని అంత పచ్చి ద్వేషం వెనక ద్వేషం ఒక్కటే ఉండదని పాఠకుడికి మెల్లగా అనుమానం వస్తుంది. అతని అన్న మెరెడిత్ నానుస్తాడు. చెప్పబోయింది ఆపి, పక్కకు పోయి, క్షమించమని మళ్లీ వెనక్కి వస్తాడు. విషం తన ఇంట్లోంచి పోయిందన్న బరువు ప్రతి పేరా మీదా ఉంటుంది. గవర్నెస్ మిస్ విలియమ్స్ చూసింది వేరు, అనుకున్నది వేరు అని గీత గీసుకుని మరీ రాస్తుంది. కరోలిన్ చెల్లెలు యాంజెలాకు అప్పుడు పదిహేనేళ్లు. ఇప్పుడు పేరున్న పండితురాలైనా, ఆ రోజు గురించి ఆమెకు గుర్తున్నవి పిల్లల సంగతులే: ఈత, తిండి, తగవులు, తాను చేసిన అల్లరి. పెద్దల మధ్య ఏం జరుగుతోందో ఆమెకు అప్పుడు తెలియదు, రాతలోనూ తెలియనట్టే ఉంది. ఇక ఎల్సా. ఇప్పుడు బిరుదున్న కుటుంబానికి కోడలు. ఆమె రాతలో మాత్రం పదహారేళ్లు గడిచిన జాడే ఉండదు. ఆ ఎండ, ఆ గోడ, ఆ మనిషి, అన్నీ నిన్నటివే. మిగతా నలుగురూ గుర్తు తెచ్చుకుంటూ రాస్తారు, ఆమె ఇంకా అక్కడే కూర్చుని రాస్తుంది.

ఒకే రోజును ఐదుసార్లు చెబితే విసుగు పుట్టాలి. పుట్టదు, అదీ ఐదుగురూ సంఘటనల మీద దాదాపు ఒక్క మాట మీదే ఉన్నా. బీరు ఎవరు తెచ్చారు, ఎవరు ఎటు వెళ్లారు, తలుపు చాటున ఏం వినపడింది, వీటిలో పెద్ద తేడాలుండవు. ఒకే సంఘటనకు పొంతన లేని కథలు చెప్పించి నిజమేదో తేలకుండా వదిలేయడం మరో రకం శిల్పం. అకుతగావా కథలతో కురొసావా తీసిన 'రషోమాన్' ఆ దారిది, అది 1950లో వచ్చింది. క్రిస్టీ పంతం వేరు. సంగతులు అందరివీ సరైనవే, అర్థమే అందరూ తప్పు చేసుకున్నారు. నిజం తేలుతుంది, పూర్తిగా తేలుతుంది, అందరి మాటలూ అలాగే ఉండగానే తేలుతుంది. నా లెక్కలో ఇది మరింత కష్టమైన పని. అబద్ధం రాయడం సులభం. నిజాన్నే తప్పుగా వినిపించేలా రాయాలంటే ప్రతి మాటనూ రెండు కథలకు సరిపోయేలా తూచాలి.

హంతకులెవరో చెప్పను. ఆ పాపం నాకొద్దు. అయితే ఒక్క ముడి విప్పకుండా ఈ పనితనం చూపించలేను. పూర్తిగా ఏమీ తెలియకుండా చదవాలనుకునేవాళ్లు వచ్చే రెండు పేరాలు దాటేయండి.

మిస్ విలియమ్స్ కళ్లారా చూసిన ఒక సంగతిని పదహారేళ్లు కడుపులో దాచుకుంది. అమ్యాస్ చనిపోయి ఉన్నాడు. కరోలిన్ బీరు సీసాను చేతిరుమాలుతో గబగబా తుడిచి, చచ్చిన భర్త వేళ్లను దాని మీద అద్దుతోంది. గవర్నెస్‌కు ఇక సందేహమేముంది? అందుకే యజమానురాలి మీద అభిమానంతో పోలీసులకు చెప్పలేదు, మనసులో మాత్రం ఆమె దోషేనని ముద్ర వేసుకుంది. ఇప్పుడు పోలీసు ఫైలులోని ఒక చిన్న అంశం గుర్తు చేసుకోవాలి. సీసాలో మిగిలిన బీరులో విషం లేదు. విషం ఉన్నది గ్లాసు అడుగున. ఈ సంగతి సూపరింటెండెంట్ హేల్ నవల మొదట్లోనే, లెక్కల్లో ఒక అంకెలా చెప్పి పోతాడు. పోసేటప్పుడు గ్లాసులో కలిపిందని పోలీసుల వాదన కాబట్టి అది ఆమెకు వ్యతిరేకంగానే నిలిచింది.

రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టండి. గ్లాసులో విషం కలిపిన మనిషి సీసా ఎందుకు తుడుస్తుంది? విషం ఎక్కడుందో తెలియని మనిషి మాత్రమే తప్పు వస్తువును తుడుస్తుంది. ఆమెను ఉరికొయ్య దాకా తీసుకెళ్లగల సాక్ష్యమే ఆమెను విడిపించే సాక్ష్యం. దాచిపెట్టిన ఆ ఒక్క నిజం ఆనాడు బయటికొచ్చి, సరిగ్గా ఆలోచించేవాళ్లు ఒక్కరున్నా కథ వేరేగా ఉండేది. ఇంకోటి: ఆ బీరు తాగి అమ్యాస్ ఇవాళ ఏం తాగినా పాడు రుచే వస్తోందని గొణిగాడు. విన్నవాళ్లందరూ ఆ బీరు గురించే అన్నాడనుకున్నారు. బీరు ఒక్కటే పాడు రుచి వచ్చి ఉంటే "ఏం తాగినా" అని ఎందుకంటాడు? అంతకుముందు ఏదో తాగి ఉండాలి కదా. ఈ మాట నవలలో ఒకటికి రెండుసార్లు వస్తుంది. నా మటుకు నేను మొదటిసారి చదివినప్పుడు దాని మీదుగా నడిచివెళ్లిపోయాను. ఎదుట పెట్టి కనబడకుండా చేయడమంటే ఇదే. కొన్ని డిటెక్టివ్ నవలల్లో రచయిత ఆధారాన్ని జేబులో దాచుకుని చివర్లో తీస్తాడు, పాఠకుడు మోసపోయినట్టు ముఖం పెడతాడు. క్రిస్టీ జేబులు ఖాళీగా చూపించి మరీ ఆడుతుంది.

ఇలాంటిదే ఇంకో మాట ఉంది. తలుపు చాటున భార్యాభర్తల మధ్య వినపడ్డ ఇంటి పని ముక్క ఒకటి. ఎవరి గురించి అన్నారో అందరికీ తెలుసనుకున్నారు, ఎవరూ అడగలేదు. దాన్ని ఇక్కడ విప్పితే పుస్తకం మీ చేతిలోంచి లాక్కున్నట్టే.

విషం విషయంలో క్రిస్టీ చేతికి ఆ పట్టు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో టార్కీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి, 1917లో మందులు కలిపే పనికి సంబంధించిన పరీక్ష కూడా పాసైంది. ఎంత మోతాదు, ఎంతసేపటికి, ఏ లక్షణం అనేవి లెక్కతప్పవు. ఈ నవలలో పాయిరో తర్కం కూడా సమయం మీదే నిలబడుతుంది. కథ జరిగే ఇల్లు కూడా ఆమె సొంతదే అనుకోవచ్చు. 1938లో డార్ట్ నది ఒడ్డున కొన్న గ్రీన్‌వే ఇంట్లో నదిలోకి చూసే పాత ఫిరంగి గోడ ఉంది. ఎల్సా కూర్చున్న గోడ అదే. మెట్లదారి, ఇంటి నుంచి గోడ దాకా నడక, ఎవరు ఎక్కడుంటే ఎవరికి కనబడరు, అన్నీ ఆమె అడుగులతో కొలిచినవే. కాబట్టే పాఠకుడు ఆ తోటలో దారి తప్పడు.

కథను మన వైపు తెస్తే ఏమవుతుందని ఎప్పుడైనా ఆలోచిస్తే సరదాగా ఉంటుంది. కోనీన్ కోసం ప్రయోగశాల అక్కర్లేదు. మిర్చి, పత్తి వేసే మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో పురుగుల మందు డబ్బా ఎన్నో ఇళ్ల వసారాల్లో దొరుకుతుంది. దానికి కొట్టొచ్చే వాసన కాబట్టి చల్లని బీరు సరిపోదు, పులిసిన కల్లు కావాలి. చాటుమాటలు వినడానికి తలుపు పక్కన నిలబడాల్సిన పనే లేదు, ఒకే చూరు కింద అన్నదమ్ముల కుటుంబాలుంటే గోడకు చెవులుంటాయి. అన్నిటికన్నా ముందు మన పాఠకుడు అడిగే ప్రశ్న ఒకటుంది: పనిమనిషిని ఎందుకు అడగలేదు? క్రిస్టీ ఇంట్లో పనివాళ్లున్నారు, కానీ పాయిరో జాబితాలో వాళ్లు లేరు. గవర్నెస్ దాకానే ఆమె కిందికి దిగింది. మన ఊళ్లో ఏ పెద్దింటి పాత గొడవైనా ముందు తెలిసేది గిన్నెలు తోమే ఆమెకు, పశువులు కాసే అతనికి. ఇది ఆ కాలపు, ఆ వర్గపు గుడ్డితనం. నవలలో నాకు నచ్చని వాటిలో ఇది మొదటిది. రెండోది నవలకు పేరిచ్చిన ఐదు పందిపిల్లల ఇంగ్లిష్ పిల్లల పాట. ఐదుగురికీ పాటలోని ఒక్కో పాదం అతికించాలని ఆమె పడ్డ తాపత్రయం ఒకటి రెండుచోట్ల కుట్లు బయటపెట్టుకుంటుంది. చివర్లో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పే ఆనవాయితీ కూడా ఈ నవలకు అక్కర్లేదు. ఇంత నెమ్మదిగా నడిచిన కథకు అంత సభ ఎందుకో.

పాత సంగతిని నలుగురి నోట విని అర్థం చేసుకోవడం మన తెలంగాణకు కొత్త కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు పడిన సంగతి జనగామ పల్లెల్లో ఎంతమంది ఎన్ని తీర్ల చెప్పుకున్నారో. సంఘటన ఒక్కటే. చెప్పేవాళ్లు ఏ వాకిట్లో నిలబడి చూశారన్నదాన్ని బట్టి కథ మారుతుంది. ఆనాటి సాయుధ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల మాటలను స్త్రీ శక్తి సంఘటన నాలుగు దశాబ్దాల తర్వాత వాళ్ల గొంతుల్లోనే సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసింది. చరిత్ర పుస్తకంతో హత్యానవలకు పోలికేమిటనవచ్చు. సాక్షి మాటను సాక్షి మాటగా ఉంచితే, దానిలోంచి సాక్షికి కూడా తెలియని సంగతి బయటికొస్తుందన్న నమ్మకం రెంటిలోనూ ఉంది.

ఈ పనితనం ఎంత సున్నితమైనదో క్రిస్టీయే తెలియక రుజువు చేసింది. 1960లో ఇదే కథను 'గో బ్యాక్ ఫర్ మర్డర్' పేరుతో నాటకం చేసింది. పాయిరోను తీసేసి ఒక యువ లాయరును పెట్టింది. గతాన్ని సాక్షుల నోట చెప్పించకుండా, రంగస్థలం మీద మళ్లీ జరిగేలా చూపించింది. లండన్‌లో అది ఎక్కువ రోజులు ఆడలేదు. కారణాలు నాటకాల వ్యాపారంలోనూ ఉండొచ్చు గానీ, నాకు కనిపించేది ఒకటుంది. గతం కళ్లముందు జరిగితే అది అందరికీ ఒకే గతం. ఫిలిప్ కసి, మెరెడిత్ నసుగుడు, గవర్నెస్ గీసిన గీత, యాంజెలా పిల్లతనం, ఎల్సా వేడి, ఇవన్నీ ఎవరి రాతలో ఉన్నాయో వాళ్ల రాతలోంచి తెగిపోయి, పాత్రల వేషాలుగా మిగులుతాయి. నవలలో మనకు బీరు గ్లాసు ఎప్పుడూ కనబడదు, దాని గురించి ఐదుగురు అన్న మాటలే కనబడతాయి.

ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లకు ఒక సూచన. క్రిస్టీ భాష కష్టం కాదు, ఇంటర్ చదివే పిల్లలు కూడా నెట్టుకురాగలరు. మొదటిసారి కథ కోసం చదివేయండి. రెండోసారి రెండో భాగం ఒక్కటే, వరుస మార్చి, ముందు యాంజెలాది, చివర ఎల్సాది పెట్టుకుని చదవండి. మూడో భాగం వైపు చూడకుండా, ఎక్కడెక్కడ వేలు పెట్టి ఆగాల్సిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పొండి. పాయిరో కన్నా ముందే మీకు దొరికేవి రెండు మూడైనా ఉంటాయి.